పక్కసీటు లేని కారు

పుండరీకం కారుకు పక్కసీటు లేదు. వెనకసీటూ లేదు. ఉన్నదల్లా డ్రైవరు సీటొక్కటే. అది కూడా లేకుండా నడపడం కుదరదు కనక ఉంచుకున్నాడు గానీ, కుదిరితే దాన్నీ పీకేసి పీట వేసుకుని కూచునేవాడే.

సరదాకి పీకలేదు పాపం. బరువు తగ్గితే మైలేజీ పెరుగుతుందని పీకాడు. ఏల్చూరి పుండరీకం కాపురం కావలిలో, కొలువు ఒంగోలులో. రాష్ట్ర గోనెసంచుల నియంత్రణ మండలి వారి జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. గోనెసంచుల్ని ఎవరు నియంత్రించాలో, అసలెందుకు నియంత్రించాలో మండలి పెట్టిన రోజుల్లో ఎవరికో తెలిసే ఉంటుంది. ప్లాస్టిక్ సంచులొచ్చాక ఆ సంగతి అడిగిన పుణ్యాత్ముడు లేడు. జీతాలు మాత్రం ఠంచనుగా వస్తున్నాయి.

రైలుంది కదా, కారెందుకూ అంటారేమో. రైలు ఒంగోలు స్టేషన్లో దింపుతుంది. ఆఫీసేమో బైపాస్ అవతల, పేరు చెబితే ఆటోవాళ్ళు కూడా తల అడ్డంగా ఊపే చోట, ఒక పాత గోదాములో ఉంది. అందుకని రోజూ హైవే మీద కారులో పోవడం, చీకటిపడ్డాక కొంపకు చేరడం. పెట్రోలు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. దాంతో పుండరీకం కారు మీద పడ్డాడు.

ఇంజను ముందుండే జాలీకి అట్టముక్క బిగించి గాలి దూరకుండా చేశాడు. చక్రాలకు పెళ్ళిలో వచ్చిన స్టీలు పళ్ళేలు తొడిగాడు. పక్క అద్దాలు గాలిని ఆపుతున్నాయని తీసేసి, లోపల గడ్డం గీసుకునే అద్దం వేలాడదీశాడు. అన్నిటికీ మించి, కారు వెనక్కి వెళ్ళేకొద్దీ సన్నబడాలని ఎక్కడో చదివి, వెదురుబద్దలు వంచి తోక కట్టి, దాని మీద పాత ఫ్లెక్సీ బిగించాడు. ఆ ఫ్లెక్సీ ఎవరో యువనాయకుడి పుట్టినరోజుది. మీసాలాయన రెండు చేతులూ జోడించి నవ్వుతూ ఉంటాడు. హైవే మీద వెనకొచ్చే లారీ డ్రైవర్లు కొందరు తిరిగి దణ్ణం పెట్టేవాళ్ళు.

ఫలితం మాత్రం నిజం. లీటరుకు పదహారిచ్చే కారు ఇరవై ఆరుకి ఎక్కింది.

పుండరీకం భార్య శేషారత్నానికి ఈ లెక్కలతో పనిలేదు. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కారులోంచి ఊడొచ్చిన పక్కసీటును మిషను ముందు వేయించుకుని, దాంట్లో కూచుని కుడుతోంది.

"కారుకి నేనే బరువయ్యానా?" అందొకరోజు, దారం కొరుకుతూ.

"నువ్వు కాదే రత్నం, సీటు."

"సీటు తీశాక నేనేడ కూచోవాల? టాపు మీదనా?" అని, కాసేపు మిషను తొక్కి, మళ్ళీ ఆపింది. "సూడయ్యా, నాకు కారొద్దు, షికారొద్దు. పెళ్ళయిన కాణ్ణుంచీ ఆదివారం తప్పిస్తే పగటిపూట నీ మొగం చూళ్ళేదు. చీకట్నే పోతావు, చీకటి పడ్డాక వస్తావు. మన కావలి ఆఫీసులో పోస్టు ఖాళీగా పడుంది గదా. పోయి అడగరాదా. మధ్యాన్నం ఇంటికొచ్చి వేడన్నం తింటావు. అంతకన్నా నేనేమీ కోరలేదే."

పుండరీకం ఆ రాత్రే బదిలీకి అర్జీ రాశాడు.

అర్జీ ఇద్దామని వెళ్ళిన రోజున ఆఫీసంతా హడావుడిగా ఉంది. మండలి డైరెక్టరు దీక్షితులు గారు రాజధాని నుంచి తనిఖీకి దిగారు. అయితే ఆయన గోదాములోకి అడుగు పెట్టలేదు. ఆవరణలో నిలబడి, తనకేసి చేతులు జోడించి నవ్వుతున్న కారు తోకను చూస్తున్నారు. తనకోసం ఏర్పాటు చేసిన స్వాగతమనుకుని ఆయన ముందు ఒకసారి ప్రతినమస్కారం చేశారని తరవాత అటెండరు చెప్పాడు.

"ఎవరిదయ్యా ఈ శకటం?" అన్నారు.

జిల్లా మేనేజరు మస్తాన్ రావు పుండరీకాన్ని ముందుకు తోశాడు. డైరెక్టరు గారు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కారున్న ఏ మగవాడూ మౌనంగా ఉండలేని ప్రశ్న అడిగారు.

"మైలేజీ ఎంతిస్తుంది?"

ఇక్కడే పుండరీకం కొంప ముంచుకున్నాడు. "ఏదో ఇస్తుందిలెండి" అని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఛాతీ విరుచుకుని, "హైవే మీద ఇరవై ఆరండీ. ఊళ్ళో తిప్పితే పన్నెండుకి పడిపోద్ది" అన్నాడు. ఆ ఊపులోనే అర్జీ కూడా చేతికిచ్చాడు.

దీక్షితులు గారు అర్జీ అందుకుని, చదవకుండా వెనక్కి తిప్పి, ఆ తెల్లటి వైపు కారు తోక బొమ్మ గీసుకున్నారు. ఇంధనం పొదుపు చేయమని ప్రభుత్వం మండలులన్నిటికీ తాకీదులిచ్చిందట. ఈ మండలికున్నవి రెండు జీపులు, అందులో ఒకటి ఇటుకల మీద ఉంది. దేంతో పొదుపు చూపించాలా అని ఆయన నెలలుగా మథనపడుతున్నారు.

"మార్గం దొరికింది. ఉద్యోగుల స్వంత వాహనములు సైతం మండలి పరిధిలోనివే. ఎంత చమురు కాల్చామన్నది కాదయ్యా, లీటరుకు ఎంత దూరం వెళ్ళామన్నదే నాగరికతకు కొలమానం" అని, అర్జీ మడిచి జేబులో పెట్టుకుని జీపెక్కారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు దిగింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పట్టణ వీధులయందు మైలేజీ క్షీణించుచున్నదనియు, జాతీయ రహదారియందు వృద్ధి చెందుచున్నదనియు క్షేత్రస్థాయిలో నిరూపితమైనందున, ఇకపై కార్యాలయ సంబంధమైన ప్రయాణములన్నియు రహదారి మీదుగానే జరుపవలెను."

ఆఫీసు ఎదురుగా, రోడ్డు దాటితే బ్యాంకు. మర్నాడు మస్తాన్ రావు చెక్కు వేయడానికి బయల్దేరి, హైవే ఎక్కి, టోల్‌గేటు దాకా పోయి, అక్కడ తిరుక్కుని వచ్చేసరికి బ్యాంకు మూసేశారు. మళ్ళీ మర్నాడు వెళ్ళాడు. మొహం పీక్కుపోయింది గానీ మైలేజీ పెరిగింది. నెలాఖరుకు జిల్లా మైలేజీ చూసి డైరెక్టరు గారు అభినందన పంపారు. పెట్రోలు ఖర్చు మూడింతలైన సంగతి వేరే విభాగం వాళ్ళు చూసుకుంటారు, అది వాళ్ళ సబ్జెక్టు.

ఆ అభినందన ఇచ్చిన ఉత్సాహంతో దీక్షితులు గారు విషయాన్ని మూలాల్లోకి వెళ్ళి పరిశీలించారు. ఒక్క ఉద్యోగికే ఇరవై ఆరు ఎందుకొస్తోంది? అతని ఇల్లు ఒక ఊళ్ళో, ఆఫీసు మరో ఊళ్ళో ఉండి, మధ్యలో హైవే ఉంది కనక. మిగతా వాళ్ళకెందుకు రావడం లేదు? ఇల్లూ ఆఫీసూ ఒకే ఊళ్ళో ఉన్నాయి కనక. అక్కడితో రెండో ఉత్తర్వు తయారైంది. ప్రతి ఉద్యోగినీ అతని నివాసానికి రహదారి దూరమున నియమించవలెను. మైలేజీయందు వెనుకబడిన వారిని మాత్రం శిక్షగా స్వస్థలమునకు తరిమివేయవలెను.

దాంతో ఒంగోలు వాళ్ళు కావలికి, కావలి వాళ్ళు ఒంగోలుకు బదిలీ అయ్యారు. పొద్దున్నే హైవే మీద రెండు బళ్ళబారులు ఎదురెదురుగా పోతూ, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవాలో పలకరించుకోవాలో తెలియక హారన్లు కొట్టుకునేవి. అందరి బళ్ళకూ తోకలు వెలిశాయి. ఫ్లెక్సీల కొరత వచ్చి, చచ్చిపోయినవాళ్ళ శ్రద్ధాంజలి బ్యానర్లు కూడా తోకలకెక్కాయి.

పుండరీకం అర్జీ గురించి అడిగితే మస్తాన్ రావు నోరు మూసుకోమన్నట్టు చేత్తో సైగ చేశాడు. "నీకేం పోయేకాలమయ్యా, నువ్వు మండలికే ఆదర్శం. నిన్ను ఇంటికాడ వేస్తే జనం ఏమనుకుంటారు? ఏదో తప్పు చేశాడనుకోరూ?"

ఇంటికొచ్చి ఈ మాట చెబితే శేషారత్నం మిషను ఆపి ఆలోచించింది.

"మైలేజీ రానోళ్ళని ఇంటికి తోల్తారు గదా. అయితే రాకుండా చెయ్యి."

పుండరీకానికి ఆ మాట ఎక్కడానికి కాస్త టైము పట్టింది. ఇన్నేళ్ళూ బొట్టు బొట్టూ కూడబెట్టిన మైలేజీని చేతులారా తగలేయమంటోంది. మనసొప్పలేదు. కానీ వేడన్నం గుర్తొచ్చింది, దాన్ని వడ్డించే చెయ్యి గుర్తొచ్చింది. సరేనన్నాడు.

మైలేజీ పరీక్ష ప్రకటించారు. ఒంగోలు నుంచి కావలి పోయి రావాలి. ముందు ట్యాంకు నిండా పోయించి, వచ్చాక మళ్ళీ నింపించి, ఎంత పట్టిందో దాన్నిబట్టి లెక్క తేలుస్తారు. పుండరీకం ముందు రోజంతా కారు మీద పనిచేశాడు. తోక పీకి డిక్కీలో కుక్కాడు. అట్ట తీశాడు, పళ్ళేలు ఊడదీశాడు. టాపు మీద నులకమంచం వెల్లకిలా కట్టాడు. లోపల రుబ్బురోలు ఎక్కించాడు. ఇంకా బరువు కావాలని పక్కసీటు కూడా అడిగాడు.

"అది నాది. దాంట్లో కూచుని కుడుతుండా. ఈయను" అంది శేషారత్నం.

పరీక్ష రోజు బళ్ళ బారుకు ముందు డైరెక్టరు గారు తయారు చేయించిన 'మైలేజీ రథం' నిలబడి ఉంది. అదొక లారీ. దాని మీద మేడంత ఎత్తున ఫ్లెక్సీ గోడ, గోడ మీద దీక్షితులు గారు గాలిని వేలితో శాసిస్తున్న బొమ్మ. ఆదర్శ ఉద్యోగి గనక పుండరీకం కారును సరిగ్గా రథం వెనకే నిలబెట్టారు.

నాలుగు కిటికీలూ బార్లా తీసి, మంచం కోళ్ళు గాలిని చీల్చుకుంటూ ఉంటే మైలేజీ మట్టికొట్టుకుపోతుందని పుండరీకం ధైర్యంగా బయల్దేరాడు. కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. గాలి లేదు. వేగంగా పోతున్నా కిటికీలోంచి చెవికి చల్లగాలి తగలడం లేదు. మంచానికి కట్టిన తాడు కొస కూడా ఊగడం లేదు. ముందున్న ఫ్లెక్సీ గోడ ఎదురుగాలినంతా తనే మింగేసి, కారును చంటిపిల్లాడిలా దాచి తీసుకుపోతోంది. ఇలాగైతే మైలేజీ పెరిగి కూచుంటుంది.

వెనక్కి తగ్గాడు. వెనక జీపులోంచి మస్తాన్ రావు తల బయటపెట్టి కేకేశాడు. "గ్యాపు రానీకు. ఫొటోలో బాగుండదంట."

పక్కకు తీసి రథాన్ని దాటబోయాడు. ఈసారి మైకులో వచ్చింది. "డైరెక్టరు గారి చిత్రపటమును అధిగమించుట మర్యాద కాదు. దయచేసి వెనుకనే ఉండవలెను."

దయచేసి వెనకనే ఉన్నాడు. కావలి పోయి, ఇంటి సందు కంటికి కనబడుతుంటే చూస్తూ, తిరిగి ఒంగోలు వచ్చాడు. ట్యాంకు నింపితే ముప్ఫై ఒకటి తేలింది. రాష్ట్రంలో అంతకుముందు ఎవరికీ రాలేదు.

దీక్షితులు గారు వేదిక మీద పుండరీకాన్ని కావలించుకున్నారు. "అదనపు భారమును మోయుచు అధిక ఫలమును సాధించెను" అన్నారు. ఉద్యోగులందరూ వాహనముపై నులకమంచము ధరించవలెనని అక్కడికక్కడే ఆదేశించారు. ఆ తరవాత, ఇంతటి ప్రతిభకు కావలి, ఒంగోలు మధ్య దూరం ఏ మూలకని, రాష్ట్రమునందలి సుదీర్ఘ రహదారి యొక్క సంపూర్ణ ప్రయోజనము వారికి చేకూరునట్లు, ఇచ్ఛాపురం ఆఫీసుకు పదోన్నతితో వేస్తున్నట్టు ప్రకటించారు.

ఇచ్ఛాపురమంటే రాష్ట్రానికి అటు చివర. అక్కణ్ణుంచి కాలు జారితే ఒడిశాలో పడతారు.

ఆ రాత్రి పుండరీకం అన్నం ముందు కూచుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నలుగురిలో పూలదండ వేయించుకున్న మనిషి, అలా కూచుని ఏడ్చాడు. "నీకు మాటిచ్చి నెరవేర్చలేకపోయాను రత్నం" అన్నాడు.

శేషారత్నం కంచంలోకి మజ్జిగ పోసింది. "ఏడుపెందుకు. కావల్లో పగలు కనబడవు, ఒంగోల్లో కనబడవు. ఇచ్ఛాపురంలో కనబడితే నాకదే చాలు. ఇద్దరం పోదాం. ఆఫీసు గోడకి ఆనుకుని ఇల్లు చూడు. నేను మిషనుతో, నా సీటుతో రైల్లో వస్తా. నీ కారులో నాకు చోటు లేదు గదా."

అలాగే చేశారు. గోడకు ఆనుకునే ఇల్లు దొరికింది. పుండరీకం పొద్దున చెప్పులేసుకుని ఆఫీసుకు నడిచేవాడు, మధ్యాహ్నం నడిచొచ్చి వేడన్నం తినేవాడు. కారును దొడ్లో పెట్టాడు. బుద్ధి మారక తోక మళ్ళీ తగిలించాడు గానీ, స్టార్టు చేసే పని లేదు. శేషారత్నం దాని టాపు మీద గుమ్మడి వడియాలు పెట్టేది. తోకలో ఒక కోడి కాపురం పెట్టింది. ఇద్దరూ సుఖంగానే ఉన్నారని ఒప్పుకోవాలి.

నెలాఖరుకు మైలేజీ నివేదిక పంపాల్సి వచ్చింది. ఇచ్ఛాపురం మేనేజరు సింహాచలం బుర్ర గోక్కున్నాడు. "ఏటి రాయమంటావు పుండరీకం? రోజూ డ్యూటీకొస్తన్నావు, చమురు మాత్రం బొట్టు లేదు."

"ఉన్నదున్నట్టు రాయండి సార్. సున్నా."

ఈ సున్నాతోనైనా వెనుకబడ్డాడని కావలికి తరుముతారని పుండరీకం లోలోపల ఆశపడ్డాడు. పోయిన దూరాన్ని కాల్చిన చమురుతో భాగించమంటే ప్రధాన కార్యాలయంలో కంప్యూటరు మొరాయించింది. గణాంకాధికారి పూనుకుని, సున్నాతో భాగించిన వచ్చునది అనంతమని తేల్చాడు. ఆ ముక్క విని దీక్షితులు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. ఇరవై ఆరు, ముప్ఫై ఒకటి, ఆ తరవాత అనంతం. మనిషి ఇంతకన్నా ఎక్కడికి ఎదుగుతాడు?

అధ్యయన సంఘం ఇచ్ఛాపురం వచ్చింది. ముగ్గురు అధికారులు కారు చుట్టూ టేపు పట్టుకుని తిరిగారు.

"పైకప్పుపై అమర్చిన ఈ గుండ్రని ఉబ్బెత్తు నిర్మాణముల ప్రయోజనమేమి?" అన్నాడొకాయన.

"ఎండితే ఏపుకు తింటారు" అంది శేషారత్నం.

ఆయన "గాలిని చెదరగొట్టుటకు" అని రాసుకున్నాడు. కోడిని చూసి రెండోయన, "స్వయంచాలిత" అని ఏదో మొదలుపెట్టి, అది పొడవడానికొస్తే ఆపాడు. మూడో ఆయన వయసులో పెద్దవాడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు. ఇంటికీ ఆఫీసుకూ మధ్యనున్న గోడను చూశాడు, కారు చక్రాల కింద మొలిచిన గడ్డిని చూశాడు, చల్లగా, "ఇల్లు ఆఫీసు పక్కనుంటే కారు కదలక్కర్లేదండీ, అదీ కిటుకు" అన్నాడు. అనుభవం మీద అన్న మాట గనక దాన్నే సంఘం తీర్మానంగా రాసుకున్నారు.

మూడో ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఉద్యోగినీ అతని నివాసమునకు ఆనుకుని నియమించవలెను. అనంత మైలేజీనుండి జారిపోయిన వారిని శిక్షగా నివాసమునకు అతి దూరముగా పంపవలెను. రాష్ట్రమంతటా ఉద్యోగులు మంచాలు విప్పేసి, తోకలు పొయ్యిలో పెట్టి, ఎవరిళ్ళకు వాళ్ళు చేరుకున్నారు. పుండరీకం పేరు చెప్పి కొందరు కొబ్బరికాయలు కూడా కొట్టారు. కావలిలో ఖాళీగా ఉన్న పోస్టు మళ్ళీ ఖాళీగానే మిగిలింది, ఎందుకంటే ఆ ఊరివాడు ఇచ్ఛాపురంలో ఉన్నాడు.

పుండరీకం ఉండబట్టలేక డైరెక్టరు గారికి ఫోను చేశాడు. "అందర్నీ సొంతూళ్ళకి వేశారు కద సార్. నన్ను కూడా కావలికి..."

"తమరి నివాసమెచట?"

"ఇప్పుడైతే ఆఫీసు పక్కనే సార్, కానీ..."

"మరి ఇంకేమి కావలెనయ్యా? మిమ్ములను కదిలించిన అనంతము దెబ్బతినును" అని ఆయన ఎంతో ప్రేమగా ఫోను పెట్టేశారు.

పుండరీకం మధ్యాహ్నం అన్నానికొచ్చి గుమ్మంలోనే చతికిలబడ్డాడు. సంగతంతా చెప్పాడు. శేషారత్నం వినేసి, కాసేపు ఆయన మొహంలోకి తేరిపార చూసింది. పట్టపగలు, కిటికీలోంచి పడే వెలుగులో.

"నీ మొగం చూడాలన్నది నేనే. చూసినా. బాగానే ఉంది, నాకేం తక్కువ చెయ్యలేదు నువ్వు" అంది. "కానీ మనూరు మనూరేనయ్యా. ఈ నీళ్ళకి పప్పుడకదు. ఆ మూడో కాగితంలో శిక్షేందన్నావు?"

"ఇంటికి అతి దూరంగా వెయ్యడం."

"ఇచ్ఛాపురానికి కావలి దూరమా, దగ్గరా?"

పుండరీకం లేచి, అన్నం సంగతి మరిచిపోయి, దొడ్లోకి పరుగెత్తాడు. వడియాలు చాపలోకి ఎత్తాడు. కోడిని బతిమాలి దించాడు. తోక విప్పి గోడకు చేరేశాడు. రెంచి పట్టుకుని లోపలికొచ్చేసరికి శేషారత్నం అప్పటికే మిషను ముందునుంచి లేచి నిలబడి ఉంది.

"తీసుకుపో. ఈసారి ఇస్తుండా" అంది.

సీటు మీద సూదులు గుచ్చిన గుర్తులున్నాయి, అతుక్కుపోయిన దారప్పోగులున్నాయి. దాన్ని మోసుకెళ్ళి, పాత బోల్టు రంధ్రాల్లో పెట్టి బిగించాడు. బ్యాటరీ ఎప్పుడో పడుకుంది. సింహాచలం, అటెండరు వచ్చి తోస్తే గాని ఇంజను దగ్గలేదు. కారు వీధిలోకి రాగానే శేషారత్నం కొంగు సర్దుకుని వచ్చి ఆయన పక్కన కూచుంది.

రోజూ సాయంత్రం దాకా ఆగకుండా, మధ్యాహ్నం భోజనం వేళే ఊరి సందులన్నీ తిప్పాడు. సెకండు గేరులోనే తిప్పాడు. అద్దాలన్నీ దించి, బజారు మధ్యలో ఇంజను ఆపకుండా ఆవిడ దారం ఉండలు కొనుక్కునేదాకా నిలబెట్టాడు. పెట్రోలు బంకువాడు కొత్త ఖాతాదారుణ్ణి చూసి మురిసిపోయాడు.

నెలాఖరుకు మైలేజీ తొమ్మిదికి పడిపోయింది. అనంతం నుంచి తొమ్మిదికి పడడం మండలి చరిత్రలో లేదు. దీక్షితులు గారు తీవ్ర మనస్తాపంతో, కఠినమైన పదజాలంతో శిక్ష ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. అంత దూరాన ఖాళీ ఉన్నది కావలి పోస్టొక్కటే. సింహాచలం దాన్ని చదవలేక చదివి, కళ్ళు తుడుచుకుని, "ఇంత దూరం తోసేశారేటి బాబూ" అని ఓదార్చాడు.

పుండరీకం తల దించుకునే కాగితం అందుకున్నాడు, లేకపోతే నవ్వు బయటపడేది. మర్నాడు పొద్దున మిషను వెనక పడేసి, కోడిని బుట్టలో పెట్టి, ఇద్దరూ దక్షిణానికి హైవే ఎక్కారు. దారి పొడుగునా శేషారత్నం పక్కసీట్లో కూచుని జీళ్ళు తింటూ ఆయన మొహం చూస్తూనే ఉంది.

రాజమండ్రి దాటాక నెమ్మదిగా అడిగింది. "ఇప్పుడెంతిస్తుందయ్యా?"

"చూళ్ళేదు" అన్నాడు పుండరీకం.